జీతం రాయని బోర్డు

"పోరగాళ్లు పనికి వస్తలేరు సార్." జ్యోతినగర్‌లో టీ కొట్టు బల్ల మీద కూర్చున్నా, గోదావరిఖని లక్ష్మీనగర్‌లో బట్టల షాపు మెట్లెక్కినా, ఎన్టీపీసీ గేటు బయట కాంట్రాక్టరు జీపు పక్కన నిలబడినా ఈ మాట చెవిన పడకుండా పొద్దు గడవదు. ఒకరిద్దరు అంటే వాళ్ల బాధ అనుకోవచ్చు. ఊరు ఊరంతా అంటోంది. కొలువు లేని కొడుకును ఇంట్లో పెట్టుకున్న తండ్రి కూడా అదే అంటున్నాడు. అంతదాకా వచ్చాక దీన్ని అరుగు మీది ముచ్చటగా వదిలేయడం కుదరదు.

ముందు ఆ వాదనను వాళ్లు చెప్పినట్టే చెబుతాను. ఎన్టీపీసీ ప్లాంటులో ఓవర్‌హాల్ మొదలైతే నెల, నెలన్నర పాటు వందలమంది ఫిట్టర్లు, రిగ్గర్లు, వెల్డర్లు, హెల్పర్లు కావాలి. గడువు దాటితే కాంట్రాక్టరు బిల్లులో కోత పడుతుంది. ఊళ్లో అడిగితే పదిమంది వస్తారు, అందులో నలుగురు పండగని నాగా పెడతారు. షాపుల్లో చేరిన పిల్లలు రెండు నెలలకే చెప్పాపెట్టకుండా మానేస్తారు. రేషన్ బియ్యం ఊరికే వస్తోంది గనక కడుపు కాలదు. సింగరేణి బొగ్గు గనుల్లో కొలువు ఎప్పుడో వస్తుందని కూర్చుంటారు. ఐటీఐ కాగితం ఉంటుంది, చేతిలో పని ఉండదు. అందుకే బీహార్, జార్ఖండ్, ఒడిశా నుంచి మనుషుల్ని దించుకుంటున్నాం, వాళ్లు నోరెత్తరు, నాగా పెట్టరు. ఇదీ వాదన. ఇలా అనేవాళ్లలో కావాలని అబద్ధమాడేవాళ్లు తక్కువే. మనిషి దొరక్క తానే షట్టరెత్తి, తానే ఊడ్చి, తానే గల్లాలో కూర్చునే చిన్న షాపతన్ని నేనూ చూశాను. ఆయన బాధ నిజమే. దానికి ఆయన చెప్పే కారణం దగ్గరే నా పేచీ.

1. బియ్యం లెక్క

తెలంగాణలో ఆహార భద్రత కార్డు ఉన్న ఇంట్లో మనిషికి నెలకు 6 కిలోల బియ్యం ఉచితం. నలుగురున్న ఇంటికి 24 కిలోలు. కిలో 45 రూపాయలు కట్టినా మొత్తం 1,080. గ్యాసుబండ, కరెంటు బిల్లు, ఫోను రీచార్జి, పిల్లల ఫీజు, అమ్మ బీపీ గోలీలు ఈ 1,080లో ఎక్కడ ఇముడుతాయో ‘బియ్యంతో సోమరులయ్యారు’ అనేవారు ఒకసారి కాగితం మీద వేసి చూపించాలి. పప్పు, నూనె కొనడానికైనా ఇంట్లో ఒకరు పనికి పోవాల్సిందే.

ఈ వాదన ఒక్క మన ఊరిదే కాదు. 2025 ఫిబ్రవరిలో చెన్నైలో మాట్లాడుతూ ఎల్ అండ్ టీ చైర్మన్ ఎస్.ఎన్.సుబ్రహ్మణ్యన్, సంక్షేమ పథకాల వల్ల కూలీలు పనికోసం ఊళ్లు కదలడం లేదన్న అర్థంలో బాధపడ్డారు. అదే నెలలో సుప్రీంకోర్టులో జస్టిస్ బి.ఆర్.గవాయ్ కూడా ఉచితాల వల్ల జనం పనిచేయడానికి ఇష్టపడటం లేదని వ్యాఖ్యానించారు. పెద్దవాళ్లు అన్నారు గనక మాటకు బరువొచ్చిందే తప్ప రుజువు రాలేదు. ఎందుకంటే ఉచిత బియ్యం తెలంగాణకే పరిమితం కాదు. 2023 జనవరి నుంచి కేంద్రం దేశమంతా మనిషికి 5 కిలోలు ఉచితంగానే ఇస్తోంది. బీహార్‌లోనూ ఇస్తోంది. అది తిన్న బీహార్ పిల్లవాడు దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌ జనరల్ బోగీలో ఒంటికాలి మీద నిలబడి వచ్చి రామగుండం స్టేషన్‌లో దిగుతున్నాడు. మీరే అతన్ని కష్టజీవి అంటున్నారు. ఐదు కిలోలు తిన్నవాడు కష్టజీవి, ఆరు కిలోలు తిన్నవాడు సోమరి అయ్యాడంటే ఆ తేడా అంతా ఆరో కిలోలోనే ఉండాలి!

2. ‘సింగరేణి కోసం కూర్చున్నారు’

ఇది కొంత నిజం. కూర్చున్నారు. ఎందుకు కూర్చున్నారన్నది అడగకుండానే తీర్పు చెప్పేశారు.

1990ల మొదట్లో సింగరేణిలో లక్షా 16 వేలమంది దాకా పనిచేసేవారు. ఇప్పుడు పర్మినెంటు కార్మికులు దాదాపు 40 వేలు. బొగ్గు తగ్గిందా? 2023-24లో 7 కోట్ల టన్నులు దాటింది. మనుషులు మూడోవంతుకు పడిపోయి, బొగ్గు ఎన్నో రెట్లు పెరిగింది. యంత్రాలు చేసిన పని కొంతైతే, మట్టి తీత మొదలుకొని బొగ్గు రవాణా దాకా కాంట్రాక్టుకు పోయింది మరికొంత. 2024 సెప్టెంబర్‌లో లాభాల్లో వాటాగా 33 శాతం, అంటే 796 కోట్లు ప్రకటించారు. పర్మినెంటు కార్మికుడికి సగటున లక్షా 90 వేలు. మొదటిసారిగా కాంట్రాక్టు కార్మికుడికీ ఇచ్చారు, 5 వేలు. మరుసటి ఏడాది దాన్ని 5,500 చేశారు.

ఒకే గని, ఒకే బొగ్గు, ఒకే దుమ్ము. ఒకరికి లక్షా తొంభై వేలు, ఒకరికి ఐదు వేలు. దీన్ని కళ్లారా చూసిన ఇరవై రెండేళ్ల పిల్లవాడు ఏం నేర్చుకుంటాడు? ఒకసారి కాంట్రాక్టు గేట్‌పాస్ మెడలో వేసుకుంటే జన్మంతా ఐదు వేలవాడిగానే ఉండాలని నేర్చుకుంటాడు. 2022 సెప్టెంబర్‌లో కాంట్రాక్టు కార్మికులు 18 రోజులు సమ్మె చేశారు. అడిగిందేమీ గొంతెమ్మ కోరిక కాదు, కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికులకు ఒప్పుకున్న హైపవర్ కమిటీ వేతనాలు తమకూ ఇమ్మన్నారు. ఆ సమ్మె టెంట్ల ముందు నుంచే ఈ పిల్లలు కాలేజీలకు పోయారు. వాళ్లు ఎదురుచూస్తున్నారంటే చేసిన లెక్క వల్లనే, ఒళ్లు వంగక కాదు.

ఒళ్లు వంగదనే మాటకు గని దగ్గరే జవాబుంది. 1998లో వారసత్వ ఉద్యోగాలు ఆగిపోయాయి. తిరిగి ఇస్తామన్న పథకాన్ని 2017లో కోర్టు కొట్టేసింది. తర్వాత తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే బిడ్డకు కారుణ్య నియామకం అన్న దారి మిగిలింది. కన్నతండ్రి రోగం ఖాయమైతే తప్ప కొడుక్కి కొలువు రాని ఏర్పాటు ఇది. దీని గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. ఆ దారిన వచ్చినవాళ్లలో బీటెక్‌లు, ఎంబీఏలు ఉన్నారు, ఆడపిల్లలూ ఉన్నారు. చేరింది ఆఫీసు కుర్చీలో కాదు. బదిలీ వర్కరుగా, జనరల్ మజ్దూరుగా. హెల్మెట్‌కు లైటు కట్టుకుని, నడుముకు బ్యాటరీ వేలాడదీసుకుని మ్యాన్‌వే గుండా దిగుతున్నారు. నెలకు ఇన్ని మస్టర్లని, అంటే హాజర్లని, లెక్క చూసుకుంటూ నైట్ షిఫ్టు చేస్తున్నారు. చదువుకున్నవాడు మట్టి ముట్టడన్నది నిజమైతే వీళ్లెవరు?

ఇంకొంచెం దూరం పోదాం. పెద్దపల్లి, జగిత్యాల, సిరిసిల్ల ఊళ్ల నుంచి గల్ఫ్ పోయినవాళ్ల సంగతి తెలియని ఇల్లు లేదు. ఇక్కడ ‘సోమరి’ అనిపించుకున్నవాడే అక్కడ లేబర్ క్యాంపులో మూడంతస్తుల మంచాల మధ్య పడుకుని, తెల్లవారుజామున బస్సెక్కి, ఇనుప కడ్డీలు మోస్తున్నాడు. విమానం ఎక్కేలోగా గుణం మారిపోతుందా? అక్కడా మోసాలున్నాయి, శవపేటికలూ వచ్చాయి. అయినా పోతున్నారంటే, నెల తిరిగితే ఇంటికి పంపడానికి ఒక మొత్తం మిగులుతుందన్న నమ్మకం వల్ల.

3. దొరకని మనుషులు డబ్బులెందుకు కట్టారు?

ఈ ప్రశ్నకు ‘మనుషులు లేరు’ వాదుల దగ్గర జవాబుంటే వినాలని ఉంది.

రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో మూతపడి, 2021 మార్చిలో మళ్లీ ఉత్పత్తి మొదలుపెట్టింది. ఇరవై రెండేళ్లు ఊరు దానికోసం ఎదురుచూసింది. తీరా తెరిచాక 2022లో ఏం విన్నాం? అందులో కాంట్రాక్టు కొలువులు ఇప్పిస్తామని దళారులు ఒక్కొక్కరి దగ్గర లక్షలు వసూలు చేశారని, డబ్బు కట్టి చేరినవారిని తర్వాత పనిలోంచి తీసేశారని బాధితులు రోడ్డెక్కారు. ఒకరు ప్రాణం తీసుకున్నారు. గమనించండి, అవి పర్మినెంటు ఉద్యోగాలు కావు. రేపు ఉంటాయో లేదో తెలియని కాంట్రాక్టు పనులు. వాటికోసం పొలం అమ్మినవాళ్లు, పుస్తెలతాడు కుదువబెట్టినవాళ్లు ఉన్నారు.

పనికి మనుషులు కరువైన చోట యజమాని ఎదురెళ్లి అడ్వాన్సు ఇస్తాడు. ఇక్కడ మనిషే ఎదురెళ్లి లంచం ఇస్తున్నాడు. అంటే కరువు ఎటువైపు ఉన్నట్టు? అదే 2022లో సింగరేణి 177 జూనియర్ అసిస్టెంటు పోస్టులకు పరీక్ష పెడితే లక్షకు చేరువలో దరఖాస్తులు వచ్చాయి.

ఉల్లిగడ్డ కొరతైతే నెలలో ధర రెట్టింపవుతుంది. మనుషుల కొరత వచ్చి ఏళ్లయిందంటున్నారు. మరి కూలి ధర ఎందుకు కదలలేదు? ధర పెరగని కొరతను ఏ బజారూ కొరత అనదు. ఇక్కడ పని పంపకం అసలు బజారు పద్ధతిలో జరగడమే లేదు. గేట్‌పాస్ ఎవరికి రావాలో సిఫారసు తేలుస్తుంది. యూనియన్ నాయకుడి చీటీ, కార్పొరేటర్ ఫోను, సూపర్‌వైజర్ బామ్మర్ది. ఖాళీలను ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజికి తెలియజేయాలని 1959లోనే చట్టం చేశారు. అక్కడ పేరు నమోదు చేసుకుని, కార్డు రెన్యువల్ చేయించుకుంటూ నెత్తి నెరిసినవాళ్లు మన వీధుల్లోనే ఉన్నారు. ఆ కార్డు మీద ఫలానా కాంట్రాక్టరు నుంచి పిలుపొచ్చిందన్న మనిషిని నేనింతవరకు చూడలేదు. పిలవకుండానే రాలేదంటే ఎట్లా?

4. ‘బీహారీలను చూసి నేర్చుకోండి’

ఏం నేర్చుకోవాలి? ఒక గదిలో ఎనిమిదిమంది పడుకోవడమా? పన్నెండు గంటల డ్యూటీని ఒక మస్టర్‌గా ఒప్పుకోవడమా? ఊళ్లోనే తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా తల్లి చావుకైనా పోలేకపోవడమా?

ఆ పిల్లల మీద నాకు పిసరంత కోపం లేదు. ఈ కోల్‌బెల్టే వలస మీద కట్టుకున్న ఊరు. కరీంనగర్ పల్లెల నుంచి, కోస్తా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లంతా కలిసి తవ్విన గనులివి. ‘బయటివాళ్లను తరిమేయండి’ అనేవాళ్లతో నాకు పొత్తు లేదు. నా ప్రశ్న తెచ్చినవాడికి. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం, మనిషిని వేరే రాష్ట్రం నుంచి తెస్తే రానుపోను ఖర్చు, చేర్చుకునేటప్పుడు నెల జీతంలో సగం అదనపు భత్యం ఇవ్వాల్సి ఉండేది, ఉండటానికి వసతి, వైద్యం చూడాల్సి ఉండేది. ఆ చట్టం ఇటీవలే కొత్త కోడ్‌లో కలిసిపోయింది గానీ నలభయ్యేళ్లకు పైగా పుస్తకంలో ఉంది. అది పాటించి ఉంటే బయటి మనిషి స్థానికుడి కంటే ఖరీదయ్యేవాడు. చవకగా పడుతున్నాడని మీరే మురిసిపోతున్నారంటే ఏం పాటించలేదో మీరే ఒప్పుకున్నట్టు. స్థానికుడికి సాయంత్రం పోవడానికి ఒక ఇల్లుంది, తిట్టు పడితే ఎదురు చెప్పడానికి నాలుగు వీధుల పరిచయముంది. మీకు నచ్చనిది అతని పనితనం కాదు, ఆ ధైర్యం.

ఇక దీనికి మందుగా కొందరు స్థానిక కోటా చట్టం అంటున్నారు. ఆంధ్రప్రదేశ్ 2019లో 75 శాతం చట్టం చేసింది, హర్యానా చేసిన అలాంటి చట్టాన్ని 2023లో హైకోర్టు కొట్టేసింది. అలాంటి చట్టం అమలైనా తక్కువ జీతపు కొలువులో మనిషి పేరు మారుతుందే తప్ప ఆ జీతం మారదు.

5. ‘చేతిలో పని లేదు’

నిజమే, హైప్రెషర్ వెల్డరు ఐటీఐ గేటు దాటగానే తయారు కాడు. పైపు చుట్టూ తిరిగి 6జి పరీక్ష పాసవ్వాలంటే ఎన్నో కిలోల రాడ్లు కాల్చాలి. ఆ రాడ్లు ఎవరిస్తారు? ముప్పైమంది, అంతకు మించి ఉన్న సంస్థ అప్రెంటిస్‌లను తీసుకోవాలని చట్టం ఉంది. కాంట్రాక్టరు తీసుకునేది హెల్పర్‌ను. ఆరేళ్లు హెల్పర్‌గా సిలిండర్లు మోసి, ఒక్కరోజు హోల్డరు పట్టనివ్వని పిల్లవాడికి ‘స్కిల్ లేదు’ అనే బిరుదు ఇవ్వడం అన్యాయం. మూడేళ్ల అనుభవం అందరికీ కావాలి, ఆ మొదటి ఏడాది ఇచ్చేవాడే లేడు.

6. ‘రెండు నెలలకే మానేస్తారు’

దీనికి జవాబుగా నా దగ్గర ఒక బోర్డు ఉంది.

మా వైపు ఒక బట్టల షాపు అద్దానికి ‘సేల్స్ బాయ్స్, గర్ల్స్ కావలెను’ అని అట్టముక్క వేలాడుతుంటుంది. ఎర్ర స్కెచ్‌పెన్ రాత, ఎండకు గులాబీ రంగైంది. కింద ఫోన్ నంబరు. అంతే. దసరాకు ముందు కట్టారు, ఉగాది పోయినా ఉంది. పక్కింటి అమ్మాయి డిగ్రీ అయి ఖాళీగా ఉంటే నేనే వెంటబెట్టుకుని పోయాను. సేటు మంచిగానే కూర్చోబెట్టాడు, చాయ్ తెప్పించాడు. జీతమెంత అని అడిగితే, "ముందు పని చూద్దాం సార్, పైసలదేముంది" అన్నాడు. మూడోసారి అడిగితే తేలింది. నెలకు 9 వేలు. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిదిన్నర. అన్నానికి అరగంట. నెలకు రెండు సెలవులు, పెళ్లిళ్ల సీజన్లో అవీ ఉండవు. కూర్చోవడానికి స్టూలు లేదు, కస్టమరు చూస్తే బాగుండదట. టెన్త్ మెమో ఒరిజినల్ ఆయన బీరువాలో పెట్టాలి.

బయటికొచ్చాక ఆ అమ్మాయి మెట్ల మీదే ఫోన్లో లెక్క వేసింది. రోజుకు పన్నెండు గంటలు, నెలకు 28 రోజులు, మొత్తం 336 గంటలు. ఆటోకు రోజుకు 40 చొప్పున 1,120 పోతే మిగిలేది 7,880. గంటకు 23 రూపాయల చిల్లర. "అంకుల్, రెండు చాయ్‌లు రావు" అంది. వారానికి లెక్కేస్తే 78 గంటలు. వారానికి 48 గంటలని షాపుల చట్టం చెబుతోందని నేను గొణిగాను. ఆమె నవ్వింది. ఆ చట్టం ఆ షాపు అద్దం దాకా రాదని ఆమెకు నాకంటే బాగా తెలుసు.

అయినా చేరింది. వారం పదిరోజులు ఆలస్యంగా మొదటి జీతం, ఇరవయ్యో తారీఖున రెండో జీతం. మూడో నెల మానేసింది. ఇప్పుడు సేటు నోట ఆమె కూడా ‘రెండు నెలలకే మానేసిన’ పిల్లే. మెమో కోసం నాలుగుసార్లు తిరిగింది.

చిన్న షాపతను సింగరేణి జీతం ఇవ్వలేడన్న సంగతి నాకు తెలుసు. ఇవ్వమని ఎవరూ అడగలేదు. ఒకటో తారీఖున ఇవ్వడానికి, స్టూలు వేయడానికి, వారానికొక సెలవు ఇవ్వడానికి గనులు ఉండక్కర్లేదు. పెద్ద కాంట్రాక్టరుకైతే ఆ సాకు కూడా లేదు. ప్రభుత్వమేమన్నా తక్కువదా? కనీస వేతనాలను ఐదేళ్లకోసారైనా చూడాలని అప్పటి 1948 చట్టం అంటుంటే, 2021 జూన్‌లో ఐదు రంగాలకు జీవోలు ఇచ్చి, గెజిట్‌లో అచ్చు వేయకుండా మూలన పడేసింది. అచ్చు కాని జీవో మీద ఏ యజమాని జీతం పెంచుతాడు?

7. ఈ మాట ఎవరికి పనికొస్తోంది?

ఈ ఫిర్యాదుకు ఈ నేల మీద వయసెక్కువే. గోదావరిఖనిలో గనులు తెరిచిన కొత్తలో వెట్టికి, జీతానికి ఉన్నవాళ్లు రాత్రికి రాత్రి ఊరు విడిచి వచ్చి బొగ్గు ఎత్తే తట్టా చెమ్మస్ పట్టుకున్నారని మా పెద్దలు చెప్పేవారు. అప్పుడు దొరలు కూడా ఇదే అన్నారట: మనుషులు చెడిపోయారు, పనికి వస్తలేరు. వాళ్లు పని మానలేదు, దొర పని మానారు. బొగ్గుబావిలో ప్రాణం పోతుందని తెలిసీ దిగారు, అక్కడ వారానికి లెక్క కట్టి చేతిలో పైసలు పడేవి గనక. దొరలు ఆ తేడా చూడలేదు. ఇప్పుడు మనవాళ్లూ చూడటం లేదు.

‘సోమరులు’ అన్న ముద్ర ఊరికే పోదు. ఆ ముద్ర ఉన్నంతకాలం కాంట్రాక్టరు జీతం పెంచక్కర్లేదు, లేబర్ ఆఫీసరు తనిఖీకి రానక్కర్లేదు, ప్రజాప్రతినిధి జీవో గురించి అడగక్కర్లేదు. తప్పంతా ఇరవై రెండేళ్ల పిల్లవాడిది. నలుగురూ అంటుంటే చివరికి వాడూ నమ్ముతాడు. చౌరస్తాలో రాత్రి పదకొండింటికి బైకుల మీద కూర్చున్న గుంపును చూసి మొహం చిట్లించేవాళ్లు, ఆ గుంపులో ఎంతమంది జేబుల్లో పాత గేట్‌పాసులు ఉన్నాయో ఒకసారి అడగండి.

యజమానులకు నా సవాలు ఇదే. బోర్డు మీద ఫోన్ నంబరు పైన నాలుగు ముక్కలు రాయండి: జీతం ఎంత, పనివేళలు ఏవి, వారంలో సెలవు ఏ రోజు, జీతం ఏ తారీఖున. చేరిన రోజే ఒక కాగితం చేతికివ్వండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అడగకండి. గేట్‌పాసుకు పైసలు తీసుకునే మేస్త్రీని ముందు మీరే గేటు బయట పెట్టండి. ఇవన్నీ చేసి మూడు నెలలు చూడండి. అప్పటికీ ఎవరూ రాకపోతే ఈ వ్యాసమంతా తప్పని ఇదే పేరుతో రాస్తాను. అంతవరకు ‘పోరగాళ్లు పనికి వస్తలేరు’ అన్న మాట నా ముందు అనకండి.